వెనక బస్సులో డ్రైవరు చెయ్యి ఖాళీగా ఉంటే: సిటీ బస్సుల ప్లటూనింగ్ పనికొస్తుందా?

దారిచూపు (#1)

అందరికీ నమస్కారం. ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో ఎం.టెక్ చేస్తున్నాను. ప్రాజెక్టుకి బస్సుల ప్లటూనింగ్ తీసుకున్నాను. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ముందు బస్సుని డ్రైవరు మామూలుగానే నడుపుతాడు. వెనక రెండో బస్సు, మూడో బస్సు రేడియోలో దాని మాట వింటూ ఉంటాయి. అది బ్రేకు వేస్తున్నానంటే ఇవీ వేస్తాయి, స్పీడు పెంచుతున్నానంటే ఇవీ పెంచుతాయి. మధ్యలో కొక్కెం గానీ గొలుసు గానీ ఏమీ ఉండవు. చీమలబారులా సాగిపోతాయి.

నా లెక్క ఇలా ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. మనిషి నడిపితే రెండు సెకన్ల ఎడం వదలాలి, అంటే 22 మీటర్లు. ప్లటూనింగ్‌లో 0.6 సెకన్లు చాలు, అంటే ఏడు మీటర్ల లోపే. పన్నెండు మీటర్ల బస్సులు మూడు వెళ్తే 80 మీటర్ల రోడ్డు పట్టేది 50 మీటర్లకు సర్దుకుంటుంది. బస్ లేన్‌లో అదే రోడ్డు మీద చాలా ఎక్కువ బస్సులు నడపొచ్చు కదా? ఇందులో లోపం ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

మూడోగేరు (#2)

ఇరవై ఆరేళ్లుగా బస్సు తోలుతున్నాను. తమ్ముడూ, నీ లెక్కలో బస్సు ఉంది, బస్సులో జనం లేరు.

ఒకసారి ఎదురుగా సైకిలు మీద పిల్లాడు అడ్డం వచ్చాడు. తొక్కేశాను. బండి ఆగింది, పిల్లాడికి ఏమీ కాలేదు. అద్దంలో చూస్తే నిలబడ్డ వాళ్లంతా ఒక్క అలలా ముందుకొచ్చి పడ్డారు. ఒక పెద్దాయన మోచెయ్యి సీటు రాడ్డుకు కొట్టుకుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తే.

ఆ రోజు నుంచి నా బ్రేకు రెండు తాకుళ్లు. మొదటిది పెడల్ మీద పాదం బరువు పెట్టేంత మాత్రమే. బండి కొంచెం ముక్కు వంచుతుంది, రాడ్డు పట్టుకోని వాళ్లు పట్టుకుంటారు. రెండోదే అసలు బ్రేకు. మొదటి తాకుడు జనానికి, రెండోది బండికి. ముందు డ్రైవరు ఏం చూశాడో వెనక కంప్యూటరుకు తెలియదు కదా. ఏడు మీటర్ల ఎడంలో నీ యంత్రానికి ఆ మొదటి తాకుడు వేసే తీరిక ఉంటుందా?

రోజూప్రయాణం (#3)

నేను ఇంకో వైపు నుంచి అడుగుతాను. మూడు బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రావడం మాకు కొత్తేమీ కాదు, రోజూ అదే బాధ. ఇరవై నిమిషాలు నిలబడితే ఏమీ రాదు, తర్వాత ఒకేసారి మూడు వస్తాయి. ముందుది కిక్కిరిసి ఉంటుంది, మూడోది ఖాళీ. ఇప్పుడు దాన్నే కావాలని చేస్తామంటున్నారా?

రెండు నిమిషాలకో బస్సు వస్తే నేను సగటున ఒక నిమిషం ఆగుతాను. అవే మూడు బస్సులు కలిపి ఆరు నిమిషాలకోసారి పంపితే మూడు నిమిషాలు ఆగాలి. ఎక్కేవాడికి ఇందులో ఏం ఒరిగింది?

అలలవేగం (#4)

కంట్రోల్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ముందు రోజూప్రయాణం గారికి జవాబు చెప్తాను. మీరు చెప్పేది బంచింగ్. దానికీ దీనికీ చూపులో పోలికే గానీ పుట్టుక వేరు. ఒక బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపులో దాని కోసం జనం ఎక్కువ పోగవుతారు. వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకు జనం తక్కువ కాబట్టి అది ముందుకొచ్చి తగులుకుంటుంది. న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు 1964లోనే దీన్ని గణితంలో చూపించారు. అది ఎవరూ కోరకుండా తనంతట తాను ఏర్పడే గుత్తి. ప్లటూన్ మనం కట్టి, మనమే విప్పే గుత్తి. అయితే ఆగే సమయం మీద మీ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు సరైనదే. బస్సులు తక్కువగా తిరిగే రూట్లో ప్లటూన్ కడితే అది ప్రయాణికుడికి అన్యాయమే.

ఇక మూడోగేరు అన్న ప్రశ్న. దీని మీదే నా పని అంతా.

మా ల్యాబ్ వరండాలో నాలుగు చిన్న చక్రాల బండ్లు పెట్టి పరీక్షించాం. మొదట ఒక్కో బండికీ ముందున్న బండిని చూసే సెన్సారు మాత్రమే ఇచ్చాం, రేడియో లేదు. మొదటి బండిని కాస్త నెమ్మదించాను, మీరన్న మొదటి తాకుడు అంత. రెండోది కొంచెం గట్టిగా తగ్గింది. మూడోది ఇంకా గట్టిగా. నాలుగోది పూర్తిగా ఆగిపోయి, వెనకవైపు కాస్త లేచి పడింది. తాకుడు బారు వెంట పోతూ పోతూ దెబ్బ అయింది. దీన్నే స్ట్రింగ్ స్టెబిలిటీ లేకపోవడం అంటారు. తర్వాత రేడియో పెట్టి, మొదటి బండి ఆదేశం నాలుగింటికీ ఒకేసారి అందేలా చేశాం. ఈసారి నాలుగూ కలిసి తలవంచాయి. నాలుగోదాని ఊపు మొదటిదానికంటే తక్కువ. ఆ రోజు చాలాసేపు అక్కడే కూర్చుని మళ్లీ మళ్లీ నడిపి చూశాను.

మనుషులు నడిపినా ఇదే జరుగుతుంది. 2008లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో 230 మీటర్ల చుట్టు దారిలో 22 కార్లు తిప్పారు. ఎవరూ అడ్డం రాలేదు, సిగ్నల్ లేదు. అయినా కాసేపటికి జామ్ దానంతట అదే పుట్టి వెనక్కి పాకింది.

కాబట్టి అన్నా, మీ మొదటి తాకుడు యంత్రానికి రాదని కాదు. ముందు డ్రైవరు పాదం పెడల్‌ను తాకిన క్షణమే వెనక బస్సుకు కబురు అందుతుంది. రేడియో కబుర్లు సెకనుకు పదిసార్లు వెళ్తాయి. వెనక బస్సు మొదటి తాకుడు మీ తాకుడుతో పాటే పడేలా రాయొచ్చు. ఇప్పటిదాకా నేను చూసిన ప్రోగ్రాముల్లో మాత్రం ఎవరూ రాయలేదు. ఎందుకంటే అడిగినవాళ్లు లేరు.

మూడోగేరు (#5)

> అడిగినవాళ్లు లేరు

అయితే నేను అడుగుతున్నాను. రాయి.

లెక్కలగది (#6)

దారిచూపు, నీ అంకెలు తప్పు కాదు గానీ తప్పు చోట వేశావు. ఇరవై ఏళ్లుగా బస్ కారిడార్ల కెపాసిటీ లెక్కలు చూస్తున్నాను. బస్సు లేన్ ఎక్కడా రోడ్డు మధ్యలో నిండిపోదు, స్టాపు దగ్గర నిండుతుంది.

న్యూయార్క్ లింకన్ టన్నెల్‌కు వెళ్లే బస్ లేన్ చూడు. 1970 నుంచి నడుస్తోంది, పొడవు నాలుగు కిలోమీటర్లు. రద్దీ గంటలో ఆరేడు వందల బస్సులు పోతాయి. అన్నీ మనుషులు నడిపేవే, ఏ ఆటోమేషనూ లేకుండా. ఎలా సాధ్యమైంది? ఆ లేన్‌లో స్టాపు ఒక్కటీ లేదు, అంతే. చిక్కంతా అవతల టెర్మినల్‌లో.

ఇప్పుడు స్టాపు లెక్క వేద్దాం. జనం ఎక్కి దిగడానికి 30 సెకన్లు, ఆ బస్సు కదిలి వెనకది వచ్చి నిలబడడానికి 15 సెకన్లు అనుకో. మొత్తం 45. ఒక బేలో, అంటే స్టాపులో ఒక బస్సు నిలిచే చోట, గంటకు 80 బస్సులు. మూడు బేలు వరసగా కడితే 240 వస్తాయనుకుంటాం. రావు. ముందు బేలో బస్సు కదలకపోతే వెనకది పని అయిపోయినా ఇరుక్కుపోతుంది, ముందు బే ఖాళీ అయినా వెనక నిలిచిన బస్సు అడ్డం. అమెరికా ట్రాన్సిట్ కెపాసిటీ మాన్యువల్ ప్రకారం ఓవర్‌టేక్ వీలుకాని చోట మూడు బేలు కలిసి సుమారు రెండున్నర బేల పనే చేస్తాయి, ఖచ్చితంగా 2.45. నాలుగోదీ ఐదోదీ కట్టినా అదనంగా వచ్చేది పిసరంతే. అంటే మూడు బేలకు గంటకు 196 బస్సులు.

ప్లటూన్ అయితే మూడూ ఒకేసారి వచ్చి, ఒకేసారి తలుపులు తీసి, ఒకేసారి కదులుతాయి. ఒకదానికొకటి అడ్డం పడవు. అప్పుడు 240 నిజంగానే వస్తాయి. లాభం ఉన్నది ఇక్కడే. నువ్వు రోడ్డు మీద మిగిల్చిన 30 మీటర్లలో కాదు.

కానీ ఆగు. మూడూ కలిసి కదలాలంటే మూడింట్లో అన్నిటికంటే ఆలస్యమైన బస్సు కోసం మిగతా రెండూ ఆగాలి. ఒక బస్సులో జనం ఎక్కడానికి 30 కాకుండా 40 సెకన్లు పట్టిందనుకో. మొత్తం 55. గంటకు దాదాపు 65.5 ప్లటూన్లు, అంటే సుమారు 196 బస్సులు. మొదట్లో వచ్చిన అంకే! పది సెకన్ల తేడాతో సంపాదించినదంతా పోయింది. మొదటిసారి ఇది వేసినప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

అలలవేగం (#7)

మేడం, చిన్న సవరణ. మీరు మొదటి లెక్కలో ప్రతి బస్సుకూ సరిగ్గా 30 సెకన్లు అనుకున్నారు, ప్లటూన్‌కి మాత్రం ఎగుడుదిగుడు పెట్టారు. విడి బస్సుల్లోనూ కొన్నిటికి 40 పడుతుంది కదా? అక్కడా కెపాసిటీ తగ్గాలి.

లెక్కలగది (#8)

ఒప్పుకుంటాను. మాన్యువల్ సూత్రంలో ఆ ఎగుడుదిగుడుకు వేరే అంశం ఉంది, నేను వదిలేశాను. అది కలిపితే విడి బస్సులు 196 కంటే కిందికి దిగుతాయి. ప్లటూన్ మెరుగే గానీ ఎంత మెరుగు అన్నది జనం మూడు బస్సులకూ ఎంత సమంగా పంచుకుంటారన్న దాని మీద ఉంటుంది. రోజూప్రయాణం గారు చెప్పినట్టు ముందుది కిక్కిరిసి వెనకది ఖాళీగా ఉంటే ప్లటూన్ దండగే.

దారిచూపు, నీ ప్రాజెక్టు పేరు మార్చు. ఎడం మీద కాదు, తలుపు మీద రాయి.

పాతపేపర్లు (#9)

ఈ మాట విన్నాక ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ చాలామందికి తెలిసుండదు.

1970ల చివర్లో బ్రెజిల్‌లోని సావో పౌలోలో కొమోనార్ అనే పద్ధతి పెట్టారు. కంప్యూటరు లేదు, రేడియో లేదు. కారిడార్ మొదట్లో బస్సులను రూట్ల వారీగా గుంపులు చేసి ఒక క్రమంలో నిలబెట్టేవాళ్లు. స్టాపులో నిలిచే చోట్లు కూడా అదే క్రమంలో. ఏ రూటు బస్సు ఏ చోట ఆగుతుందో ప్రయాణికుడికి ముందే తెలుసు. వెళ్లి సరిగ్గా అక్కడే నిలబడతాడు. బస్సులు రైలు పెట్టెల్లా వరసగా వచ్చి ఒకేసారి ఆగేవి. పోర్టో అలెగ్రేలో కూడా ఇలా నడిపారు. అంటే ప్లటూనింగ్‌లో అసలు తెలివి సెన్సారులో లేదు, క్రమంలో ఉంది. దాదాపు యాభై ఏళ్ల కిందట మనుషులే చేసి చూపించారు.

యంత్రాల వైపు వస్తే 1997 ఆగస్టులో శాన్ డియేగో దగ్గర ఐ-15 రోడ్డు మీద ఎనిమిది బ్యూయిక్ కార్లను ఆరున్నర మీటర్ల ఎడంతో బారుగా నడిపారు. దారిలో అయస్కాంతాలు పాతారు, కార్లు వాటిని పసిగడుతూ లేన్ తప్పకుండా వెళ్లాయి. కాలిఫోర్నియాలో 1986లో మొదలైన పాత్ అనే పరిశోధన సంస్థ చేసిన పని అది. 2003లో అదే రోడ్డు మీద బస్సులనూ నడిపి చూపారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది జపాన్‌లో జరిగిన 2005 ఐచీ ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన. టయోటా వాళ్లు ఐఎంటీఎస్ అని బస్సులు తెచ్చారు. వాటికి మామూలు రబ్బరు టైర్లు. ప్రత్యేక దారిలో డ్రైవరు లేకుండా మూడేసి కలిసి వెళ్లేవి, మామూలు రోడ్డెక్కితే డ్రైవరు నడిపేవాడు. ఆ ప్రత్యేక దారికి జపాన్ చట్టం ప్రకారం రైల్వే లైసెన్సు ఇచ్చారు! బస్సును బస్సుగా చూడాలా రైలుగా చూడాలా అనే ప్రశ్నకు వాళ్లు రైలు అని తేల్చారు.

దారిచూపు (#10)

రైల్వే లైసెన్సు సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్ అండీ. లెక్కలగది మేడం, పేరు మార్చే పని ఇవాళే మా గైడ్‌తో మాట్లాడతాను.

ఒక సందేహం. ట్రక్కుల ప్లటూనింగ్ మీద చాలా పేపర్లు ఉన్నాయి. 2016లో యూరప్‌లోని వేర్వేరు దేశాల నుంచి ట్రక్కులు బారులు కట్టి రోటర్‌డామ్‌కు చేరాయి. ఆ ఫలితాలు బస్సుకు వాడుకోవచ్చా?

లెక్కలగది (#11)

జాగ్రత్త. ట్రక్కులు దగ్గరగా వెళ్లేది ఎదురుగాలి అడ్డు తగ్గి డీజిల్ మిగలాలని. అది హైవే వేగాల్లో. ఆ మిగులు కూడా అనుకున్నంత లేదని 2019లో ట్రక్కుల కంపెనీ డైమ్లర్ ఆ దారి వదిలేసింది. స్టాపు స్టాపుకూ ఆగే సిటీ బస్సుకు ఆ ఎదురుగాలి లెక్కతో పనే లేదు. వాళ్ల బ్రేకు పాఠాలు తీసుకో, లాభాల పట్టిక వదిలెయ్.

మూడోగేరు (#12)

బ్రేకు పాఠాలు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఒకే డిపోలో, ఒకే కంపెనీ బస్సులు, ఒకే ఏడాది కొన్నవి పక్కపక్కన పెట్టండి. రెండింటి బ్రేకు ఒకలా ఉండదు. ఒకటి తాకితే పడుతుంది, ఇంకోదాన్ని అడగాలి. లైనింగ్ అరిగినది, వానలో తడిసినది, జనంతో నిండినది, ఖాళీది. దేని పద్ధతి దానిదే. నేను బండి ఎక్కి గేటు దాటే లోపే ఒకసారి తొక్కి దాని సంగతి తెలుసుకుంటాను. ముందు బస్సు బ్రేకు గట్టిది, వెనకది మెత్తది అయితే ఏడు మీటర్లలో ఏం జరుగుతుంది?

అలలవేగం (#13)

అన్నా, మీరు అడిగింది లెక్క వేసి చూపిస్తాను. వేగం అదే 40. ఎమర్జెన్సీలో ముందు బస్సు ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గించగలదు. వెనకది నిండుగా ఉంది, 4.5 చొప్పునే తగ్గించగలదు. ముందుది 10.3 మీటర్లలో ఆగుతుంది, వెనకదానికి 13.7 మీటర్లు కావాలి. ఎడం 6.7 మీటర్లు.

రేడియో ఉంటే వెనకది పదో వంతు సెకను ఆలస్యంగా మొదలుపెడుతుంది, అంటే ఇంకో 1.1 మీటర్లు. మొత్తం 14.8. ముందు బస్సు ఆగిన చోటికంటే నాలుగున్నర మీటర్లు ఎక్కువ. ఎడంలో రెండు మీటర్ల చిల్లర మిగులుతుంది. తగలదు.

రేడియో లేకుండా రాడార్‌తోనే అయితే ముందు బస్సు నెమ్మదించడం కనిపించాకే మొదలవుతుంది. అర సెకను ఆలస్యం అనుకుందాం. ఇంకో ఐదున్నర మీటర్లు. మొత్తం 19.2. ఎడం చాలదు. గుద్దుకుంటుంది.

అందుకే మూడు నియమాలు పెట్టుకుంటాం. బ్రేకు మెత్తగా ఉన్న బస్సు ముందు ఉండాలి. అది కుదరకపోతే ముందు బస్సు తన బ్రేకును వెనకవాటిలో మెత్తనిదానికి సరిపడా తగ్గించుకోవాలి. రేడియో ఒక్క క్షణం ఆగినా వెంటనే ఎడం పెంచేయాలి, రెండు సెకన్ల దాకా.

మూడోగేరు (#14)

రెండో నియమం నాకు నచ్చలేదు. ఎదురుగా పిల్లాడు ఉంటే నా బ్రేకును నువ్వు తగ్గిస్తావా?

అలలవేగం (#15)

ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి రాత్రంతా ఆలోచించాను.

మీరే కరెక్ట్. ముందు డ్రైవరు బ్రేకును తగ్గించే హక్కు ప్రోగ్రాముకు ఉండకూడదు. ఆ నియమం కొట్టేస్తున్నాను. దాని బదులు ఎడాన్ని పెంచాలి. వెనక బస్సు ఎంత మెత్తగా ఆగగలదో దాన్ని బట్టి ఎడం మారాలి. బరువు ప్రతి స్టాపులో మారుతుంది, దాన్ని తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చాలా సిటీ బస్సులకు ఎయిర్ సస్పెన్షన్ ఉంది. దాని గాలి తిత్తుల్లో (బెలోల్లో) ఒత్తిడి చూస్తే లోపల ఎంత బరువుందో తెలిసిపోతుంది. తలుపులు మూసుకున్న ప్రతిసారీ ఆ అంకె తీసుకుని, కదిలే లోపు కొత్త ఎడం నిర్ణయించాలి. నిండు బస్సుకు పదిహేను మీటర్లు కావాలంటే పదిహేనే. లెక్కలగది మేడం చెప్పినట్టు లాభం స్టాపులో ఉందే తప్ప ఎడంలో లేదు కాబట్టి మనం పోగొట్టుకునేది పెద్దగా లేదు.

మీరు గేటు దాటే లోపు ఒకసారి తొక్కి చూస్తానన్నారు కదా. అదీ తీసుకుంటున్నాను. ప్రతి బస్సూ బారులో చేరే ముందు ఒకసారి బ్రేకు పరీక్షించుకుని తన అంకె మిగతావాటికి చెప్పాలి.

లెక్కలగది (#16)

ఒక్క ముక్క కలుపుతాను. ఎడం స్థిరంగా ఉండాలన్న పంతం వదిలేస్తే సిగ్నల్ దగ్గర కూడా మేలే. పచ్చ లైటు పడగానే మనుషులు నడిపే బస్సులు ఒకటి కదిలాక ఒకటి కదులుతాయి. ప్లటూన్‌లో మూడూ ఒకేసారి కదిలి, ఎడాన్ని పోతూ పోతూ పెంచుకోవచ్చు. ఒకే పచ్చలో మూడూ దాటిపోతాయి. బారు మధ్యలో తెగి సగం సిగ్నల్‌కి ఇవతల మిగిలిపోతే అవతల స్టాపులో మొత్తం లెక్క చెడుతుంది.

రోజూప్రయాణం (#17)

సరే, నా ప్రశ్న మిగిలే ఉంది. ఎక్కువసేపు ఆగాలి కదా?

పాతపేపర్లు (#18)

దానికి నాకు తోచిన జవాబు. నాలుగు వేర్వేరు శివార్ల నుంచి వచ్చే బస్సులు ఊరి మధ్య రోడ్డులో కలుస్తాయి. ఆ రోడ్డు మీద నిమిషానికి రెండు మూడు బస్సులు ఉంటాయి, ప్లటూన్ కట్టినా మీరు ఆగేది నిమిషం లోపే. బయటి కొమ్మల్లో మాత్రం దేనికది విడిగా, పద్ధతి ప్రకారం నడవాలి. మధ్య రోడ్డులో కలవాలి, మళ్లీ విడిపోవాలి. జపాన్‌లో జేఆర్ వెస్ట్ రైల్వే, టెలికాం కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ కలిసి 2020లో ప్రకటించినది ఇదే ఆలోచన. షిగాలోని యాసులో టెస్ట్ ట్రాక్ కట్టి పెద్ద బస్సు, చిన్న బస్సు, మధ్యలో మడతపడే జాయింటు బస్సు కలిపి బారు కట్టి పరీక్షించారు.

మూడోగేరు (#19)

విడిపోవాలంటే వెనక బస్సులోనూ డ్రైవరు ఉండాలి. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. వెనక డ్రైవర్లను తీసేసి జీతం మిగుల్చుకుందామని ఎవరైనా ప్లటూనింగ్ అమ్మితే వాళ్లకు కొమ్మల మీద బస్సు ఎవరు నడుపుతారో అడగండి.

ఇంకో సంగతి. వెనక బస్సులో కూర్చున్న డ్రైవరు చెయ్యి ఖాళీగా పది నిమిషాలు ఉండి, సరిగ్గా జంక్షన్ దగ్గర స్టీరింగ్ తీసుకోమంటే ఎలా? చూపు రోడ్డు మీద ఉన్నా మనసు ఉండదు. రాత్రి డ్యూటీలో నేరుగా పోయే రోడ్డు మీద నాకు తెలుసు ఆ స్థితి. చేతికి పని లేకపోవడం విశ్రాంతి కాదు, అది మత్తు. చేతులు మార్చుకునేది బస్సు స్టాపులో ఆగి ఉన్నప్పుడే జరగాలి. కదిలే బండిలో వద్దు.

లెక్కలగది (#20)

ఇది డిజైన్ నియమంగా రాసుకోదగ్గ మాట. చేరడమూ విడిపోవడమూ నిలిచి ఉన్నప్పుడే. రోడ్డు మీద కలిసే విన్యాసాలు చూడ్డానికి బాగుంటాయి గానీ కారిడార్ మొదటి స్టాపులో కలిసి చివరి స్టాపులో విడిపోతే చాలు. కనెక్టికట్‌లో సీటీఫాస్ట్రాక్ అనే ప్రత్యేక బస్సు దారి మీద ఆటోమేటెడ్ బస్సుల ప్రాజెక్టు పెట్టుకున్నారు. అందులో ప్లటూనింగ్‌తో పాటు ప్లాట్‌ఫారానికి ఆనుకుని ఆగడం కూడా ఉంది. నా దృష్టిలో ఆ రెండోదే ఎక్కువ విలువైనది. తలుపుకీ గట్టుకీ మధ్య సందు లేకపోతే చక్రాల కుర్చీ దానంతట అది లోపలికి వెళ్తుంది. ముసలివాళ్లు అడుగు వెతుక్కోరు. ఆ 40 సెకన్లు 30కి దిగేది అక్కడే.

తెల్లకర్ర (#21)

మొదటిసారి రాస్తున్నాను. నాకు చూపు లేదు. ఈ చర్చంతా ఫోను చదివి వినిపించింది, రెండుసార్లు విన్నాను.

మూడు బస్సులు ఒకేసారి ఆగి, ఒకేసారి తలుపులు తీస్తాయని సంతోషంగా రాశారు. నా సంగతి చెప్తాను. ఇప్పుడు ఒక బస్సు వస్తే ఇంజిను చప్పుడు బట్టి ఎంత దూరంలో ఆగిందో తెలుస్తుంది. బ్రేకు గాలి వదిలే శబ్దం ముందు చక్రం దగ్గర, తర్వాత తలుపు శబ్దం. ఆ రెంటి మధ్య దూరం చెవితో కొలిచి నడుస్తాను. ఎవరినైనా నంబరు అడుగుతాను. మూడు బస్సులు ఒకేసారి వస్తే మూడు గాలి శబ్దాలు, ఆరు తలుపులు. ఏది నాదో అడిగే లోపే మూడూ వెళ్లిపోతాయి. ఎలక్ట్రిక్ బస్సులైతే వచ్చిన చప్పుడే ఉండదు.

ఇంకొకటి. ఏడు మీటర్ల ఎడం అంటున్నారు. స్టాపులో అది ఇంకా తగ్గుతుంది కదా? ఒకసారి రెండు బస్సుల మధ్య సందును తలుపు అనుకుని అడుగు వేశాను. కర్ర కిందికి జారింది. ఎవరో భుజం పట్టి లాగారు. ఆ రోజు నుంచి తలుపు అంచు కర్రకు తగిలితే తప్ప కదలను.

పాతపేపర్లు గారు సావో పౌలో గురించి రాసినప్పుడు మాత్రం నాకు ఆశ పుట్టింది. నా బస్సు ప్రతిసారీ అదే చోట ఆగుతుందంటే నాకు ఎవరినీ అడగాల్సిన పని లేదు.

పాతపేపర్లు (#22)

అమ్మా, మీరు రాసినది చదివాక నేను రాసినది నాకే కొత్తగా కనిపించింది. క్రమం అంటే కెపాసిటీ అనుకున్నాను ఇన్నాళ్లూ.

అలలవేగం (#23)

అక్కా, సాంకేతికంగా ఇది చేయొచ్చు. అయస్కాంతాలతోనో కెమెరాతోనో నడిచే బస్సు ప్రతిసారీ కొద్ది సెంటీమీటర్ల తేడాతో అదే చోట ఆగగలదు. ఫ్రాన్స్‌లోని రువాన్‌లో 2001లోనే రోడ్డు మీద గీసిన గీతలను కెమెరాతో చూస్తూ బస్సులు స్టాపుల్లో ఆనుకుని ఆగడం మొదలుపెట్టాయి. తలుపు చోటు మారదంటే ఆ చోట నేల మీద కర్రకు తెలిసేలా గట్టి గుర్తులు వేయొచ్చు. బస్సుల మధ్య సందు వచ్చే చోటా మారదు కాబట్టి అక్కడ రెయిలింగ్ కట్టేయొచ్చు. మామూలు స్టాపులో అది కట్టలేం, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు కాబట్టి.

లెక్కలగది (#24)

మూడూ ఒకేసారి తలుపు తీయాలన్న నియమం కూడా అక్కర్లేదు. ముందు బస్సు తలుపులు తీశాక రెండు సెకన్లకు రెండోది, ఇంకో రెండు సెకన్లకు మూడోది తీయొచ్చు. ఒక్కో తలుపూ తీసేటప్పుడు తన రూటు నంబరు చెప్పాలి. మూసేటప్పుడు మాత్రం కలిసి మూయాలి. నాలుగు సెకన్లు పోతాయి. నా లెక్క ప్రకారం 240 కాస్తా 220 అవుతుంది. పోనివ్వండి.

మూడోగేరు (#25)

తెల్లకర్ర తల్లీ, గాలి వదిలే శబ్దం బట్టి తలుపు కొలుస్తానన్నావు. నేను ఇన్నేళ్లు ఆ వాల్వు చప్పుడు బండికి సంబంధించినది అనుకున్నాను, వినేవాళ్లు ఉన్నారని తెలియదు. రేపటి నుంచి స్టాపులో ఆగాక తలుపు తీసే ముందు నంబరు గట్టిగా చెప్తాను. దీనికి ప్లటూనూ రేడియోనూ అక్కర్లేదు.

దారిచూపు (#26)

గైడ్ ఒప్పుకున్నారు. సిమ్యులేషన్‌లో ఇప్పుడు మూడు మార్పులు చేస్తున్నాను: బరువును బట్టి మారే ఎడం, స్టాపులోనే చేరడం విడిపోవడం, వరసగా తెరుచుకునే తలుపులు. మొదటి తాకుడు అలలవేగం గారు రాస్తున్నారు.

తెల్లకర్ర గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. నంబరు తలుపు తెరుచుకునే ముందు చెప్పాలా, తెరుచుకున్నాకా? మాటలో చెప్పాలా, ఒక్కో బస్సుకు వేరే శబ్దం పెట్టాలా?

తెల్లకర్ర (#27)

మాటలోనే చెప్పండి. శబ్దాలు మూడైతే గుర్తుపెట్టుకోగలను, ముప్పై రూట్లయితే కాదు. తెరిచే ముందు ఒకసారి, తెరిచాక ఒకసారి. మొదటిది ఎటు తిరగాలో తెలియడానికి, రెండోది ఎంత దూరం నడవాలో తెలియడానికి. స్పీకరు పైన పెట్టకండి, తలుపు పక్కన నడుము ఎత్తులో పెట్టండి. పైనుంచి వస్తే ఏ తలుపో తెలియదు.